ట్యూషన్ మాస్టరును తూచిన రోజు

మా శాఖలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ముందే ఒక మాట చెప్పి పెడతాను. తూకం దగ్గర మనిషి బుద్ధి తిన్నగా ఉండదు. టమాటాలు అమ్మేవాడు పళ్ళెం కింద అయస్కాంతం అంటిస్తాడు. పట్టుగూళ్ళు కొనేవాడు బుట్ట బరువని చెప్పి గుప్పెడు ఎక్కువ లాగుతాడు. మామిడి మండీలో తరుగు పేరు చెప్పి రైతు కళ్ళముందే కాయలు పక్కకు తోస్తారు. కోలారు జిల్లాలో తూకాల ఇన్‌స్పెక్టరుగా నా సర్వీసంతా ఇలాంటి దొంగ వేళ్ళను పళ్ళెం మీదినుంచి తీయించడంతోనే సరిపోయింది. నేను జీపెక్కగానే మళ్ళీ పెట్టేవాళ్ళు. కుక్క తోక వంకర అని పెద్దలు ఊరికే అనలేదు.

అయితే నన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించిన తూకం సరుకుది కాదు, ఒక మనిషిది. నేను రిటైరయ్యే ముందు ఏడాది, మామిడి కాపు జోరుగా ఉన్న రోజుల్లో, కేజీఎఫ్‌నుంచి ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. స్కూలు టీచరు. కుర్చీలో కూర్చోమంటే అంచు మీదే కూర్చుంది.

"సార్, మా తమ్ముణ్ణి తూకం వెయ్యల్ల," అంది.

పక్క బల్ల దగ్గర గుమాస్తా కిసుక్కున నవ్వాడు. నేను నవ్వలేదు గానీ, ఎవరో ఆటపట్టించడానికి పంపించారనే అనుకున్నాను. ఆమె నెమ్మదిగా సంగతి చెప్పింది. తమ్ముడు ఇంట్లోనే లెక్కల ట్యూషన్లు చెప్తాడు. చిన్నప్పటినుంచీ లావే. అమ్మానాన్నా పోయినాక ఆ శరీరం ఇంక ఆగలేదు. కొన్నేళ్ళుగా గడప దాటలేదు. ఇప్పుడు బొడ్డు దగ్గర పేగు బయటికి జారింది. అది ఏ రోజైనా మెలిపడొచ్చు, మెలిపడితే ఆసుపత్రి చేరేలోపలే ప్రాణం పోవచ్చు అని డాక్టరు చెప్పాడు. ఆపరేషను బెంగళూరులో చెయ్యాలి. అక్కడివాళ్ళు ఫోనులో మొట్టమొదట అడిగింది బరువు. మత్తుమందు ఎంత ఇవ్వాలన్నా, ఏ బండి పంపాలన్నా అది తెలియాలి. పైగా వాళ్ళ ఆపరేషను బల్ల రెండు వందల యాభై కిలోల వరకే మోస్తుందట.

"ఇంట్లో మిషను మింద నిలబెడితే ఎర్రర్ అంటాది సార్. ఆస్పత్రినుంచి ఒకటి తెప్పిస్తిమి, దాని ముల్లు కడాకు పొయ్యి నిలిచిపాయ. ఇంగ యాడికి పొయ్యేది? తూకాల ఆఫీసు ఇదే గదా?"

తూకాల ఆఫీసు అదే. లేచి మా పై అధికారి గదిలోకి వెళ్ళాను.

"మన చట్టంలోకి సరుకులు వస్తాయి, మనుషులు రారు. మా పరిధి కాదని చెప్పి పంపించేయి," అన్నాడాయన.

"మనిషి ప్రాణం సార్."

"అది హెల్త్ డిపార్టుమెంటు."

ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు. ఇప్పుడు నేను పొద్దునా సాయంత్రమూ మింగే బీపీ మాత్రల్లో సగం ఆయన పుణ్యమే.

సరే, ఆయన పరిధి ఆయనది, నా బుర్ర నాది. ఆ వారం నాకు శ్రీనివాసపురంలో మామిడి మండీల తనిఖీ ఉంది. అక్కడ రోడ్డు పక్కన ఒక ప్రైవేటు వేబ్రిడ్జి ఉంది, లారీలను తూచేది. పది కిలోల లెక్కన చూపిస్తుంది గానీ, సరిగ్గా పనిచేస్తుందని నేనే పరీక్షించి ముద్ర వేశాను. మనిషిని టెంపోలో ఎక్కించి ఒకసారి, దించి ఒకసారి తూస్తే తేడా తెలిసిపోతుంది. అటూ ఇటూగా అయినా ముందు ఒక అంచనా దొరుకుతుంది. పొద్దున్నే, లారీలు రాకముందే పని ముగించాలనీ, ఒక్కరికీ చెప్పొద్దనీ ఓనరుకు గట్టిగా చెప్పాను.

ఆయన ఒక్కరికే చెప్పాడట. ఆ ఒక్కరు ఆ ప్రాంతంలో ఒక పుడారి, అంటే చోటా రాజకీయ నాయకుడు.

మాస్టరును ఇంట్లోంచి బయటికి తేవడానికి తలుపు చెక్కలు ఊడదీయాల్సి వచ్చింది. టెంపో వెనకాల పరుపు వేసి, పైన టార్పాలిన్ కప్పి, నిదానంగా తీసుకొచ్చారు. అది వేబ్రిడ్జి చేరేసరికి అక్కడ తిరునాళ్ళ. కాయలు దించే హమాలీలు, లారీ క్లీనర్లు, టీ కొట్టువాడు, అందరి చేతుల్లోనూ ఫోన్లు. నేను అరుస్తూనే ఉన్నాను. ఎవడు వింటాడు? చివరికి కేబిన్‌లోకి వెళ్ళి తెర ముందు నిలబడ్డాను, కనీసం అంకె అయినా సరిగ్గా చూసుకుందామని. కిటికీలోంచి జనం వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. అంకె నిలిచింది. కేబిన్‌లోని కుర్రాడు చీటీ తీశాడు. మాస్టరును పక్కకు దించి ఖాళీ టెంపోను తూచాం. తీసివేస్తే నాలుగు వందల నలభై వచ్చింది.

నాకు నమ్మకం కుదరలేదు. ఎంత లావైనా అంత ఉండడు. బయటికి వచ్చి చూస్తే పుడారి అనుచరుడు ఫోనులో ఫొటో అందరికీ చూపిస్తున్నాడు. టెంపో మీద మాస్టరు మెడలో పూలమాల, భుజాల మీద శాలువా. ఒక పక్క పుడారి, ఇంకో పక్క వేబ్రిడ్జి ఓనరు, వెనకాల మరో అనుచరుడు. ముగ్గురూ నవ్వుతున్నారు. నేను లోపల అంకె చూస్తున్నప్పుడు తీసిన ఫొటో అది.

మన దగ్గర ఏం జరిగినా శాలువా కప్పాలి. పాసైనవాడికి కప్పుతారు, రిటైరైనవాడికి కప్పుతారు, చచ్చినవాడికీ కప్పుతారు. కప్పుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తూకం మీదికెక్కి కప్పాలా?

"ఏంటికప్పా పైకెక్కినారు?" అన్నాను, పళ్ళు కొరుకుతూ.

"జిల్లాకంతా పెద్ద మనిషి మా ఊరికి వచ్చినాడు, సన్మానం చెయ్యొద్దా సార్? కింద నిలబడి ఇసిరితే మర్యాదగా ఉంటుందా?" అన్నాడు పుడారి. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే మంచి పని చేశాననుకుంటున్నాడు. అదే నాకు ఇంకా మండింది. ముగ్గురి బరువూ, పూలమాలతో సహా, మాస్టరు నెత్తిన పడింది.

ఈలోగా వెంట వచ్చిన మాస్టరు అక్క ఆత్రం ఆపుకోలేక కేబిన్‌లోంచి చీటీలు తీసుకుని, ఫొటో తీసి ఆసుపత్రికి పంపేసింది. మళ్ళీ తూద్దామని, మాస్టరును అప్పటికే తిరిగి ఎక్కించిన టెంపో దగ్గరికి వెళ్ళాను. టార్పాలిన్ వెనకనుంచి మాస్టరు గొంతు వినడం అదే మొదటిసారి. చాలా మెత్తటి గొంతు.

"చాలు సార్. ఇంటికి తీసుకోని పోమని చెప్పండి."

టెంపో కేజీఎఫ్ చేరేలోపలే జనం ఫోన్లలో తీసిన వీడియో ఊరూరా తిరిగింది. దానికి లారీ హారన్ మోత తగిలించాడు ఎవడో పుణ్యాత్ముడు. ఆయన దగ్గర ట్యూషను చదివే పిల్లల ఫోన్లకు కూడా వెళ్ళింది.

ఆసుపత్రినుంచి జవాబు సాయంత్రమే వచ్చింది. ఇంత బరువును మోసే బల్ల మా దగ్గర లేదు, క్షమించండి అని. నేనే అక్కడి డాక్టరుకు ఫోను చేశాను.

"ఆ లెక్క తప్పు డాక్టర్ గారూ. అందులో ఇంకో ముగ్గురున్నారు."

"ముగ్గురేంటి?"

చెప్పాను. అంతా విని ఆయన అన్నాడు: "చూడండి, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ మత్తు ఇచ్చేది నేను. బల్ల విరిగితే జవాబు చెప్పేది నేను. సరిగ్గా తూచి, మీరు సంతకం పెట్టి పంపండి. బల్లకు లోబడి ఉంటే వెంటనే తెచ్చేయండి. లేకపోతే నన్ను అడగొద్దు."

ఆయన మాటలో తప్పేం లేదు. ఆ రోజు నాకు తప్పు చేసినవాళ్ళ మీదా కోపమే, చేయనివాళ్ళ మీదా కోపమే.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. పాత మైన్ క్వార్టర్సు, ఒకదానికొకటి అతుక్కున్న ఇళ్ళ వరస. ముందు గదిలో గోడకు నల్లబోర్డు, దాని ఎదురుగా మందపాటి చెక్కలతో చేసిన బల్ల, ఆ బల్ల మీద మాస్టరు. గది సగం ఆయనే ఉన్నాడు. ముఖం మాత్రం చిన్నపిల్లవాడిది. పొట్ట మీద దిండు అదిమి పట్టుకుని ఉన్నాడు. నొప్పికి అదొక్కటే ఉపాయమట.

"నన్ను అట్ల తూచేది ఇంగ వద్దు సార్," అన్నాడు.

"నొప్పి ఎట్ల ఉండాది?"

"ఉండాది. సిగ్గు దానికన్నా ఎక్కువ ఉండాది."

"సిగ్గుకు ఎవురూ చావరు మాస్టరూ! పేగు మెలిపడితే ప్రాణం పోతాది!" అని అరిచేశాను. అరిచి బాధపడ్డాను. ఆయన నావైపు చూడకుండా బోర్డు మీద పిల్లలు సగం చేసి వదిలేసిన లెక్క వైపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు మూలనుంచి ఎవరో దగ్గారు. అంతవరకూ నేను దాన్ని మడిచిపెట్టిన దుప్పటి అనుకున్నాను. దుప్పటి కాదు, వీళ్ళ అవ్వ. కొడుకూ కోడలూ పోయాక ఈ ఇద్దరినీ పెంచింది ఆమే. మనిషి ఎండిపోయి, చిన్నదైపోయి, చేతులు చింత బరికెల్లా ఉన్నాయి. నూరు దాటింది అంటారు వీధివాళ్ళు. నీకెన్నేళ్ళవ్వా అని అడిగితే నా మీదే విసుక్కుంది.

"నా ఈడు లెక్కబెట్టినోళ్ళంతా పొయినారు. నువ్వు లెక్కబెట్టి ఏం చేస్తావు?" అని, మనవడి వైపు తిరిగింది. "రేయ్, సిగ్గంట సిగ్గు. కురుడుమలె గణపతిని చూసినావు గదా? ఎంత ఎత్తుండాడు, ఎంత పొట్ట ఉండాది? ఒక్కడైనా ఆయన్ని చూసి నవ్వినాడా? చేతులెత్తి మొక్కుతారు."

మాస్టరు దిండును ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"వీడు ఏడో నెల్లో పుట్టినాడప్పా," అంది నాతో. "దోసిట్లో పట్టినాడు. బతికితే నీకు వీడి బరువు రాగులు తూచి ఇస్తానని ఆ స్వామికి మొక్కినా. తులాభారం. తీర్చనే లేదు."

"ఆ పొద్దే తీర్చింటే చేటెడు రాగులతో పొయ్యేది గదవ్వా!"

"ఆ యేడు పంట లేదు. మరుసటేడు వీళ్ళ తాత పాయ. ఆమీట మరిచిపోతిని. ఇప్పుడు తీరుస్తా. వీడు గుడికి పోలేడు, రాగులు పోతాయి. నువ్వు తూకాల ఆఫీసరువు గదా, తక్కెడ తెచ్చి కట్టు." కాసేపు ఊపిరి తీసుకుంది. "కొడుకును సాగనంపినా, కోడల్ని సాగనంపినా. వీణ్ణి గూడా సాగనంపమంటే నాతో కాదప్పా. నేను ముందు పోవల్ల. వాడు ఉండల్ల."

మాస్టరు తలెత్తాడు. "స్వామి మొక్కయితే కూర్చుంటా సార్. ఫోన్లు ఉండకూడదు," అన్నాడు.

తక్కెడ అంటే చెప్పినంత సులువా? ఒక పాత బెల్లం మండీలో అటక మీద మూలుగుతున్న దూలం త్రాసు గుర్తొచ్చింది. ఒకప్పుడు మూడేసి మూటలను ఒక్కసారే తూచేది. దానికి పళ్ళేలు లేవు, గొలుసులతో వేలాడే పలకలు. వాళ్ళ పక్కింట్లో ఉండే ఒక రిటైరైన మైన్ కార్మికుడు వెనక పెరట్లో దుంగలతో ముక్కాలి నిలబెట్టి, త్రాసును పైకి లాగడానికి చైన్ బ్లాక్ బిగించాడు. నేను పదిసార్లు ఊపి చూస్తే ఆయనకు కోపం వచ్చి, "ఆడాదు సార్, ఆడాదు!" అని తమిళంలో కసిరాడు, అది ఊగదని. పెరటి చుట్టూ చీరలు, దుప్పట్లు కట్టి చాటు చేశారు. ముళబాగిలు పక్కన చుట్టాల ఊరినుంచి రాగి మూటలు వచ్చాయి. మా అసిస్టెంటు జీపులో ఆఫీసు పడికట్టు రాళ్ళు తెచ్చాడు, ఒక్కొక్కటి ఇరవై కిలోల ఇనుప దిమ్మ.

దిమ్మలు చూడగానే అవ్వ లేచి కూర్చుంది. "ఇనుమా? శని! దేవుడి తక్కెడలో ఇనుము పెట్టేదెవురు?"

"దేవుడి పక్క రాగులే పెడతామవ్వా. మనవడు దిగినాక, వాడు కూర్చున్న పక్క ఇనుము పెడతాను. మళ్ళా సమంగా నిలిస్తే అదే వాడి బరువు."

"దానికింత గోల ఎందుకు సార్? రాగి మూటల్నే మన మిషన్లో ఒక్కోటి తూస్తే పోలేదా?" అన్నాడు మా అసిస్టెంటు. ఇన్నేళ్ళు నా వెంట తిరిగిన మనిషి! పాత త్రాసు, రెండు చేతులూ సమంగా ఉన్నాయని ఎవరు పూచీ? మనిషి కూర్చున్న పలక మీదే రాళ్ళు పెడితే ఆ తేడా ఎగిరిపోతుంది. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. తలూపాడు. అర్థమైనప్పుడూ అట్లాగే ఊపుతాడు, కానప్పుడూ అట్లాగే ఊపుతాడు.

మాస్టరును నలుగురు పట్టి పలక మీద కూర్చోబెట్టారు. తెల్ల పంచె కట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చైను లాగుతుంటే దుంగలు కిర్రుమన్నాయి. రాగి మూటలు ఒక్కొక్కటిగా అవతలి పలక ఎక్కాయి. త్రాసు మెల్లగా లేచింది. చివరి మూట కూడా పెట్టాం. ముల్లు ఇంకా మాస్టరు వైపే ఒరిగి ఉంది. రాగులు అయిపోయాయి.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అక్క పక్కిళ్ళకు పరుగెత్తింది. ఎవరింట్లో చూసినా రేషను బియ్యమే.

"బియ్యం కుదరదు. మొక్కింది రాగులు," అంది అవ్వ.

"అవ్వా! బరువు బరువే! వాడు గాల్లో వేలాడతా ఉండాడు, పేగు చేతిలో పట్టుకోని! రాగులైతే ఏమి, బియ్యమైతే ఏమి?"

"నన్నెక్కించు."

"ఏమి?"

"పుట్టినప్పటినుంచి నేను తినింది రాగి సంగటే. ఈ ఒంట్లో ఉండేదంతా రాగే. నన్నెక్కించు, స్వామి కాదనడు."

నేను తల పట్టుకున్నాను. శాస్త్రం ఏం చెప్తుందో నాకు తెలియదు. త్రాసు మాత్రం కాదనదు. మా అసిస్టెంటు ఆమెను చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి మూటల మీద కూర్చోబెట్టాడు. త్రాసు కదిలింది. ముల్లు నడిమికి వస్తూ వస్తూ, కొంచెం ముందే ఆగింది. అక్క మూట కింద రాలిన రాగులు దోసిట్లోకి తీసి పోసింది. ముల్లు నిలిచింది.

మాస్టరు కళ్ళు తెరిచాడు. ఎదురుగా, తనకు సమానంగా గాల్లో, మూటల మీద అవ్వ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు అవ్వ నవ్వింది, బోసినోరంతా తెరిచి. తర్వాత మాస్టరు నవ్వాడు. ఆ శరీరం నవ్వితే ఊరుకుంటుందా? త్రాసంతా ఊగిపోయింది.

"నవ్వొద్దు! ముల్లు ఆడతా ఉండాది!" అని అరిచాను. దాంతో అందరూ నవ్వారు. ఎంత అరిస్తే అంత నవ్వారు. చేసేది లేక నేనూ నవ్వాను.

ఊపు ఆగాక ముల్లు మళ్ళీ అక్కడే నిలిచింది. మాస్టరును దించి, ఆ పలక మీద ఇనుప దిమ్మలు పెట్టడం మొదలుపెట్టాం. అవ్వ మాత్రం దిగడానికి వీల్లేదు, ఆమె కూడా లెక్కలో ఉంది. కదలొద్దవ్వా అంటే, కదిలేదానికి నాలో ఏముండాదిరా అంది. పెద్ద దిమ్మలు పెట్టి, చిన్న రాళ్ళు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ముల్లు నడిమికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టాను. రెండు వందల ముప్పై ఒకటి.

అక్కడే నిలబడి సంతకం పెట్టి పంపి, డాక్టరుకు ఫోను చేశాను.

"ఈసారి తూకం మీద ఇంకెవరూ ఎక్కలేదు కదా?" అన్నాడు.

"వాడి పక్క ఎవరూ ఎక్కలేదు డాక్టర్ గారూ."

"అయితే మా బల్ల మోస్తుంది. రేపు బండి పంపిస్తాం, తీసుకురండి."

నేను ఆ మాట పైకి చెప్పగానే అక్క నేల మీద కూలబడి ఏడ్చింది. మాస్టరు తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. పక్కింటాయన ముక్కు చీదుతూ చైను సర్దుతున్నట్టు నటించాడు. వెనకనుంచి అవ్వ కేక: "నన్ను దించేదానికి గూడా సంతకం కావల్నా?"

ఆపరేషను బాగా జరిగింది. అవ్వ బరువుకు సరిపడా రాగులు కూడా తర్వాత ఊరినుంచి తెప్పించి, మొత్తం కురుడుమలె గుడికి పంపించారు. బెంగళూరు డాక్టర్లు మాస్టరును వదల్లేదు. తిండి మార్చారు, ఇంకో ఆపరేషను చేశారు, నడిపించారు. మొదట గడప దాకా, తర్వాత వీధి చివరి దాకా. నేను రిటైరయ్యాను. అప్పుడప్పుడూ ఫోను చేస్తే, నీ ఫోను వల్ల వాడి నడక చెడతా ఉండాదని అవ్వ తిట్టేది.

రెండేళ్ళ తర్వాత ఒక పొద్దున అక్క ఫోను చేసింది. అవ్వ నిద్రలోనే పోయిందట. బయల్దేరి వెళ్ళాను. వీధంతా నిండిపోయింది. ఆయన దగ్గర చదువుకుని పెద్దవాళ్ళైనవాళ్ళు చాలామంది వచ్చారు. పాడె లేవబోతుంటే మాస్టరు ముందుకొచ్చి కుడివైపు కొన పట్టాడు. ఇంకా భారీ మనిషే, కాస్త నడిస్తే రొప్పుతాడు. నీకెందుకప్పా, చుట్టాలున్నారు అని పెద్దలు వారించారు. వినలేదు. భుజానికెత్తుకున్నాడు.

శ్మశానం దాకా ఆగి ఆగి నడిచారు. అడుగు కలవక, ఎత్తు కలవక మిగతా ముగ్గురూ గొణుగుతున్నారు. పాడె ఆయన వైపు ఒరిగిపోతోంది. నేను పక్కనే నడుస్తున్నాను. పాడుబుద్ధి, అది చూస్తూ ఊరుకోలేకపోయాను.

"మాస్టరూ, మీ పక్క కిందికి పోతా ఉండాది. రోంత ఎత్తి పట్టండి, సమంగా రానీండి," అన్నాను.

ఆయన ముఖమంతా చెమట. ఆగలేదు, నావైపు తిరగలేదు.

"ఉండనీండి సార్," అన్నాడు రొప్పుతూ. "అవ్వ నా పక్కకు వస్తా ఉండాది."